గుండె కండను చూసే అయస్కాంతం

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, “నువ్వు చేసే పని గురించి ఇరవై నిమిషాలు చెప్పు. పదో తరగతి పిల్లలకు అర్థం కావాలి, పెద్దవాళ్లకు పనికిరావాలి” అన్నారు. నేను రేడియాలజీ డాక్టర్ని. పద్ధెనిమిదేళ్లుగా హైదరాబాదులో గుండె ఎమ్మారై స్కాన్లు చూసి రిపోర్టులు రాయడమే నా ప్రధానమైన పని. రోగుల్లో చాలామందికి నా ముఖం తెలియదు. వాళ్ల గుండె మాత్రం నాకు బాగా తెలుస్తుంది.

మా బ్యాచ్ వాళ్లందరికీ యాభై దాటాయి. మా వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు పిల్లల సీట్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు రిపోర్టులు ఫొటో తీసి పెడుతున్నారు. నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటే. “ఈసీజీ తీశారు, ఎకో చేశారు, యాంజియోగ్రామ్ కూడా అయింది. ఇంకా ఈ ఎమ్మారై ఎందుకు? డబ్బుల కోసమేనా?” న్యాయమైన ప్రశ్న. జవాబు క్లుప్తంగా చెప్పాలంటే ఇది: మిగతా పరీక్షలు గుండె చేసే పనిని చూపిస్తాయి. ఎమ్మారై ఆ పని చేసే కండ ఏ స్థితిలో ఉందో చూపిస్తుంది. ఆ తేడా అందరికీ అవసరం ఉండదు. కొందరికి మాత్రం వైద్యమే మారిపోతుంది. ఆ కొందరు ఎవరో చెప్పడానికే ఈ ఇరవై నిమిషాలు వాడుకుంటాను.

మనలో చాలామందిమి సేద్యం చేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. పొలం పండటం లేదనుకోండి. ముందు కాలువలో నీళ్లు పారుతున్నాయా అని చూస్తాం. గుండెకు అది యాంజియోగ్రామ్. మోటారు ఎంత నీరు తోడుతోందో చూస్తాం. అది ఎకో. కరెంటు సరిగ్గా వస్తోందా అని చూస్తాం. అది ఈసీజీ. అన్నీ బాగానే ఉండి కూడా పైరు ఎండిపోతుంటే మట్టి తీసి పరీక్షకు పంపుతాం. చౌడు బారిందా, మురుగు నిలిచిందా, ఏదైనా ఎక్కువైందా అని. గుండె విషయంలో ఆ భూసార పరీక్షే ఎమ్మారై.

ఇదివరకు గుండె కండ స్వభావం తెలియాలంటే రక్తనాళం గుండా సన్నని పరికరం పంపి, గోడ లోపలి వైపు నుంచి చిన్న ముక్క తుంచి సూక్ష్మదర్శిని కింద చూడాల్సి వచ్చేది. కొన్ని జబ్బుల్లో ఇప్పటికీ ఆ బయాప్సీ అవసరమే. కాని జబ్బు గోడలో అక్కడక్కడా ఉంటే, తుంచిన ముక్కలో అది దొరకకపోవచ్చు. ఎమ్మారైలో కత్తీ లేదు, ఎక్స్-రే కిరణాలూ లేవు. గోడ మొత్తం కనిపిస్తుంది.

పిల్లల కోసం ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను. మీ పాఠంలో ఉన్న విషయాలే ఇవి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. ప్రతి హైడ్రోజన్ కేంద్రకమూ ఒక బుల్లి అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. మామూలుగా ఇవన్నీ తలో దిక్కున ఉంటాయి. మనిషిని పెద్ద అయస్కాంతంలో పడుకోబెడితే వాటిలో కొద్ది భాగం అదనంగా ఆ అయస్కాంతం దిశకు మొగ్గుతుంది. ఆ కొద్ది భాగమే మాకు చాలు. మేం వాడే యంత్రం బలం సాధారణంగా 1.5 టెస్లా. భూమి అయస్కాంత బలానికి ముప్ఫై వేల రెట్లకు పైమాటే. అంత బలం కోసం తీగచుట్టను ద్రవ హీలియంలో ముంచి, సున్నాకు దిగువన 269 డిగ్రీల చలిలో ఉంచుతారు.

బొంగరం తిరుగుతూ తిరుగుతూ కాస్త ఒరిగినప్పుడు దాని తల గుండ్రంగా ఊగుతుంది, చూశారా? హైడ్రోజన్ కేంద్రకాలు కూడా అలాగే ఊగుతాయి. 1.5 టెస్లాలో సెకనుకు సుమారు 6.4 కోట్ల సార్లు. అంటే 64 మెగాహెర్ట్జ్. మీ ఎఫ్ఎం రేడియో 88 దగ్గర మొదలవుతుంది, ఇది దానికి కాస్త దిగువన ఉన్న రేడియో తరంగం. ఉయ్యాలను దాని ఊపుకు సరిపడేలా తోస్తేనే ఎత్తుకు వెళ్తుంది. అలాగే సరిగ్గా అదే 64 మెగాహెర్ట్జ్ తరంగం పంపితే కేంద్రకాలు దాన్ని అందుకుని పక్కకు వాలతాయి. తరంగం ఆపేయగానే మళ్లీ యథాస్థితికి వస్తూ సన్నని సంకేతం ఇస్తాయి. ఆ సంకేతంతోనే బొమ్మ తయారవుతుంది. ఈ సంగతి 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేరువేరుగా కనిపెట్టారు, 1952లో నోబెల్ అందుకున్నారు. దాన్ని బొమ్మగా మార్చే దారి 1973లో పాల్ లాటర్‌బర్ చూపించారు. ఆయనకూ, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ వచ్చింది.

కేంద్రకాలు యథాస్థితికి రావడానికి పట్టే సమయం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. వాచిన కండలో నీరు ఎక్కువ, అక్కడ ఒక సమయం. మచ్చ కట్టిన కండలో ఇంకో సమయం. ఇనుము చేరిన కండలో మరో సమయం. ఈ సమయాలను మేం టీ-1, టీ-2, టీ-2 స్టార్ అని పిలుస్తాం. సెకనులో వెయ్యో వంతు లెక్కన కొలుస్తాం. కండ గురించి మాకు చెప్పేది ఈ అంకెలే.

ఇక వైద్యంలోకి వస్తాను. ముందుగా గుండెపోటు. రక్తనాళం మూసుకుపోతే దాని కింద ఉన్న కండ చచ్చిపోయి, కొన్ని వారాల్లో అక్కడ మచ్చ కడుతుంది. కాని కదలకుండా ఉన్న కండంతా చచ్చినది కాదు. రక్తం చాలక, ప్రాణం నిలుపుకోవడానికి పని తగ్గించుకున్న కండ కూడా ఉంటుంది. కరువు ఏడాదిలో చెట్టు ఆకు రాల్చి మోడులా నిలబడినట్టు. ఎకోలో చూస్తే రెండూ కదలవు. ఏది మోడు, ఏది ఎండిన చెట్టు?

దీనికి గాడోలినియం అనే లోహం ఉన్న మందును చేతి నరంలోకి ఎక్కిస్తాం. బతికున్న కణం దాన్ని లోపలికి రానివ్వదు. అది కణాల మధ్య ఖాళీలో కాసేపు తిరిగి, మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. మచ్చ ఉన్న చోట కణాలు తక్కువ, ఖాళీ ఎక్కువ. కాబట్టి మందు అక్కడ ఎక్కువగా చేరి, ఆలస్యంగా పోతుంది. పది పదిహేను నిమిషాలు ఆగి బొమ్మ తీస్తే బతికున్న కండ నల్లగా, మచ్చ తెల్లగా కనిపిస్తుంది.

2000 సంవత్సరంలో చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు బైపాస్ లేదా స్టెంట్ వేయబోయే 50 మందికి ముందుగా ఈ పరీక్ష చేసి, తరవాత ఏ భాగం కోలుకుందో చూశారు. సరిగ్గా కదలని భాగాల్లో తెలుపు అసలు లేనివి 329. వాటిలో 256 మళ్లీ కోలుకున్నాయి. గోడ మందంలో ముప్పాతిక వంతుకు మించి తెల్లబడినవి 58. వాటిలో కోలుకున్నది ఒక్కటే. ఆ పరిశోధన తరవాత ప్రపంచమంతటా గుండె వైద్యులు ఈ తెల్ల మచ్చను లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. “కండ బతికుంది కాబట్టి స్టెంట్ వేస్తే బాగైపోతుంది” అని అంత సులువుగా అనుకోకూడదు. గుండె బాగా నీరసించినవాళ్ల మీద బ్రిటన్‌లో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. బతికున్న కండ ఉందని చూసుకుని స్టెంట్లు వేసినా, మంచి మందులు మాత్రమే ఇచ్చినవాళ్లకంటే మరణాలు, ఆస్పత్రి చేరికలు తగ్గలేదు. కాబట్టి ఎమ్మారై తీర్పు చెప్పదు, సాక్ష్యం చెబుతుంది. తీర్పు మీ కార్డియాలజిస్టుది, మీది.

రెండో విషయం, మచ్చ ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యం. గుండెపోటు మచ్చ ఎప్పుడూ గోడ లోపలి అంచు నుంచి మొదలై బయటికి పాకుతుంది. రక్తం అందడం ముందు ఆగిపోయేది లోపలి అంచుకే. వైరస్ జ్వరం తరవాత గుండె కండ వాస్తే, మచ్చ ఎక్కువగా బయటి అంచున, పక్క గోడలో వస్తుంది. లోపలి అంచు బాగానే ఉంటుంది. కాబట్టి బొమ్మ చూడగానే ఇది రక్తనాళం జబ్బా, కండ జబ్బా అనేది చాలావరకు తేలిపోతుంది.

దీని విలువ తెలియాలంటే ఒక ఇరవై మూడేళ్ల అబ్బాయి సంగతి చెప్పాలి. వారం రోజులు జ్వరం, తరవాత ఛాతీలో నొప్పి. ఈసీజీలో మార్పులు. రక్తంలో ట్రోపోనిన్ పెరిగింది. యాంజియోగ్రామ్‌లో నాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఊళ్లో అప్పటికే “ఆ కుర్రాడికి గుండెపోటు వచ్చిందట” అన్న మాట పాకింది. కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం పరీక్షకు తయారవుతున్నవాడు, ఇక పరిగెత్తకూడదని ఇంట్లో కూర్చోబెట్టారు. ఎమ్మారైలో మచ్చ బయటి అంచున ఉంది, చుట్టూ వాపు ఉంది. అది గుండెపోటు కాదు, మయోకార్డైటిస్, అంటే గుండె కండ వాపు. మూడు నుంచి ఆరు నెలలు ఆటలు, పరుగులు మానాలి, తరవాత మళ్లీ పరీక్ష చేసి చూడాలి. అదే చేశారు. ఆరు నెలల తరవాత వాపు పోయింది, సన్నని మచ్చ మిగిలింది. మళ్లీ పరిగెత్తవచ్చని కార్డియాలజిస్టు చెప్పారు. ఆ తల్లి నా గదికి వచ్చి అడిగింది ఒక్కటే. “గుండెపోటు కాదని కాగితం మీద రాసివ్వండి బాబూ, నలుగురికీ చూపించుకుంటాను.” రిపోర్టు అంటే డాక్టర్లకు మాత్రమే పనికొచ్చే కాగితం కాదని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

గుండె పెద్దదై నీరసించే జబ్బు ఒకటుంది, డైలేటెడ్ కార్డియోమయోపతి అంటారు. అందులో కొందరికి గోడ నడిమధ్య సన్నని తెల్ల గీత కనిపిస్తుంది. లండన్‌లో 472 మందిని కొన్నేళ్లు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ గీత ఉన్న 142 మందిలో 38 మంది చనిపోయారు. లేని 330 మందిలో 35 మంది. అంటే ఒకరు 27 శాతం, ఇంకొకరు 11 శాతం. ఎకోలో ఇద్దరి గుండే ఒకేలా కనిపించవచ్చు.

గోడ మందమయ్యే జబ్బు ఇంకొకటి, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. ఆటల మైదానంలో ఉన్నట్టుండి కుప్పకూలే కుర్రవాళ్లలో కొందరికి ఉండేది ఇదే. గోడ మందం 15 మిల్లీమీటర్లకు చేరితే అనుమానిస్తాం. గుండె కొన దగ్గర మాత్రమే మందమైతే ఎకోలో దొరక్కపోవచ్చు, ఎమ్మారైలో దొరుకుతుంది. గుండె కండ బరువులో 15 శాతానికి మించి మచ్చ ఉంటే హఠాన్మరణం ముప్పు ఎక్కువని తేలింది. అలాంటివారికి గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి నిలబెట్టే చిన్న పరికరం అమర్చాలా అని ఆలోచించేటప్పుడు ఆ అంకె లెక్కలోకి వస్తుంది. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. ఇంట్లో ఒకరికి ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా ఈసీజీ, ఎకో చేయించుకోవాలి.

మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి 2009లో ఒక సంగతి బయటపెట్టారు. గుండె కండలోని ఒక ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులో 25 అక్షరాలు లోపించడం మన దేశంలో సుమారు నూటికి నలుగురిలో ఉంది. ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు, చాలామంది నడివయసు దాకా ఆరోగ్యంగానే ఉంటారు. కాని గుండె కండ జబ్బు ముప్పు పెరుగుతుంది. కాబట్టి ఇవి పరదేశపు జబ్బులు కావు. మన ఇళ్లలో ఉన్నవే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే దగ్గరైన విషయానికి వస్తాను. మన సంఘం ఏటా రక్తదాన శిబిరం నడుపుతోంది. ఆ రక్తంలో కొంత తలసేమియా పిల్లలకు వెళ్తుంది. ఆ పిల్లల ఒంట్లో సరైన రక్తం తయారుకాదు. పుట్టిన కొన్ని నెలల నుంచీ రెండు మూడు వారాలకోసారి, జీవితాంతం ఎక్కించుకోవాలి. ఒక్కో రక్తపు సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళ్తుంది. మన ఒంటికి అదనపు ఇనుమును బయటికి పంపే దారి లేదు. రోజుకు ఒక మిల్లీగ్రాము పోతే గొప్ప. మిగిలింది కాలేయంలో, గ్రంథుల్లో, చివరికి గుండె కండలో చేరుతుంది. మనం ఇచ్చిన రక్తమే ఆ పిల్లవాడిని బతికిస్తుంది, దానితో పాటు వచ్చిన ఇనుమే వాడి గుండెను తినేస్తుంది. ఒకప్పుడు తలసేమియా పిల్లలు ఎక్కువగా ప్రాణం పోగొట్టుకున్నది రక్తం లేక కాదు, గుండె ఆగి.

ఇందులో కష్టం ఏమిటంటే, గుండెలో ఇనుము చేరుతున్నా ఎకో చివరిదాకా బాగానే ఉంటుంది. ఎకోలో తేడా కనిపించేసరికి చాలా ఆలస్యమవుతుంది. రక్తంలో ఫెరిటిన్ చూస్తే గుండె సంగతి తెలియదు. కాలేయంలో ఇనుము తక్కువగా ఉండి గుండెలో ఎక్కువ ఉన్నవాళ్లూ ఉన్నారు.

ఇనుమును పట్టుకోవడానికి అయస్కాంతం కంటే మంచిదేముంది? ఉదయం ప్రార్థనలో అందరం కలిసి పాడటం గుర్తు తెచ్చుకోండి. మొదలుపెట్టినప్పుడు ఒకే గొంతులా వినిపిస్తుంది. కాసేపటికి ఒకరు ముందు, ఒకరు వెనక అయి శ్రుతి చెదిరిపోతుంది. హైడ్రోజన్ కేంద్రకాల సంకేతం కూడా అంతే. కండలో ఇనుప రేణువులు ఉంటే ఒక్కో చోట అయస్కాంత బలం ఒక్కోలా మారిపోయి, శ్రుతి మరీ త్వరగా చెదురుతుంది. ఎంత త్వరగా చెదిరిందో కొలవడమే టీ-2 స్టార్. 20 మిల్లీసెకన్లకు పైన ఉంటే గుండెలో చెప్పుకోదగ్గ ఇనుము లేనట్టు. 20కి దిగువన ఉంటే ఉన్నట్టు. 10కి దిగువన ఉంటే ప్రమాదం. దీనికి గాడోలినియం ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. ఒక్కసారి ఊపిరి బిగబట్టినంతలో ఆ కొలత అయిపోతుంది.

ఈ పద్ధతిని లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆస్పత్రి వైద్యులు 2001లో ప్రచురించారు. తరవాత 652 మంది తలసేమియా రోగుల మీద చేసిన పరిశీలన 2009లో వచ్చింది. స్కాన్ తీసిన ఏడాదిలోగా గుండె వైఫల్యం వచ్చినవారిలో 98 శాతం మందికి ఆ అంకె 10కి దిగువన ఉంది. బ్రిటన్‌లో 1980 నుంచి 1999 దాకా తలసేమియా మరణాలు వెయ్యి మందికి ఏడాదికి 12.7 చొప్పున ఉండేవి. 2000 నుంచి 2003 మధ్య అవి 4.3కి తగ్గాయి. స్కాన్ ఒక్కటే కారణం కాదు, ఇనుము తీసే మందులు కూడా మెరుగయ్యాయి. కాని ఎవరికి ఏ మందు గట్టిగా ఇవ్వాలో ముందే తెలిసింది. ఈ ఇనుము తీసేయగలిగింది కాబట్టే నేను దీని గురించి ఇంత చెబుతున్నాను. మచ్చ కట్టిన గుండెను వెనక్కి తేలేం. ఇనుము చేరిన గుండెను సకాలంలో పట్టుకుంటే తేగలం.

ఒక పదిహేడేళ్ల పిల్లవాడికి మొదటి స్కాన్‌లో అంకె 8 వచ్చింది. ఎకో బాగుంది. క్రికెట్ ఆడుతున్నాడు. వాళ్ల నాన్నగారు నమ్మలేదు. “వాడికేం సార్, గుర్రంలా ఉన్నాడు” అన్నారు. మాత్రలు విసుగొచ్చి ఆ అబ్బాయి రెండేళ్లుగా సగం పారేస్తున్నాడని ఆ రోజు బయటపడింది. తెరమీద వాడి గుండె బొమ్మనే వాడికి చూపించాను. కాలం గడిచేకొద్దీ ఎంత త్వరగా నల్లబడుతోందో, అదే బాగున్న గుండె ఎంత నెమ్మదిగా నల్లబడుతుందో పక్కపక్కన పెట్టాను. వాడు చాలాసేపు చూశాడు. వాళ్ల డాక్టరు రెండు మందులు కలిపి ఇచ్చారు. ఏడాదిన్నరకు 13 అయింది. నాలుగో ఏడు 20 దాటింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, స్కాన్‌కు తనంతట తానే తేదీ తీసుకుంటాడు.

పిల్లలకు ఇంకొక మాట. హైడ్రోజన్‌ను విన్నట్టే ఎమ్మారైతో ఫాస్ఫరస్‌ను కూడా వినవచ్చు. గుండె కండ శక్తిని రెండు పదార్థాల్లో దాచుకుంటుంది, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. ఈ రెండింటి నిష్పత్తి పడిపోతే కండకు శక్తి చాలడం లేదని అర్థం. నీరసించిన గుండెల్లో ఈ నిష్పత్తి తక్కువ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని జర్మనీ పరిశోధకులు 1997లో చూపించారు. ఇది ఇప్పటికీ పరిశోధనశాలల్లోనే ఎక్కువగా జరిగే పరీక్ష. ఎందుకు చెబుతున్నానంటే, కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఏటీపీ విషయంలోనూ 1929లో ఆ ఇద్దరి పేరూ ఉంది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన మనిషి ఆయన. మార్కులు తక్కువ వచ్చినవాళ్లు ఈ సంగతి ఇంట్లో చెప్పుకోవచ్చు. కాని ఆయన ఆ తరవాత ఎంత చదివాడో కూడా చెప్పాలి.

చివరగా కొన్ని పనికొచ్చే మాటలు. గుండె ఎమ్మారై అందరూ చేయించుకోవాల్సిన పరీక్ష కాదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసుకోవడం, పొగ మానడం, నడవడం దీనికంటే ఎక్కువమందిని కాపాడతాయి. ఛాతీలో నొప్పి వచ్చిన గంటలో కావాల్సింది ఈసీజీ, దగ్గరలోని ఆస్పత్రి. ఎమ్మారై కాదు. గుండెపోటు అన్నారు, నాళాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. గుండె నీరసించింది, కారణం తెలియదు. గోడ మందమైంది, బీపీ లేదు. ఇంట్లో చిన్నవయసులో ఎవరో హఠాత్తుగా పోయారు. తరచూ రక్తం ఎక్కించుకుంటున్నారు. ఇలాంటప్పుడు “కండ పరీక్ష అవసరమా డాక్టరు గారూ?” అని మీరే అడగండి. అవసరం లేదంటే ఎందుకో కూడా అడగండి.

పరీక్షకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. సొరంగంలా ఉంటుంది, గట్టిగా చప్పుడు వస్తుంది, చెవులకు అడ్డం పెడతారు. చాలాసార్లు ఊపిరి బిగబట్టమంటారు. భయమనిపిస్తే ముందే చెప్పండి, చేతిలో ఒక బుడ్డి పెడతారు, నొక్కితే ఆపేస్తారు. స్టెంట్లు ఉన్నా దాదాపు అందరూ చేయించుకోవచ్చు. పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు తప్పకుండా చూపించాలి. ఇప్పుడు ఎమ్మారైకి తగిన పేస్‌మేకర్లు వచ్చాయి, పాతవాటికి జాగ్రత్తలు వేరు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లు గాడోలినియం ఎక్కించే ముందు ఆ సంగతి చెప్పాలి. ఇనుప వస్తువు దేన్నీ ఆ గదిలోకి తీసుకెళ్లకూడదు. ఆ అయస్కాంతం పరీక్ష లేనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది.

మన సంఘానికి నా విన్నపం ఒకటుంది. రక్తదాన శిబిరం పెట్టే రోజునే తలసేమియా వాహకులను గుర్తించే రక్తపరీక్ష కూడా పెడదాం. వాహకులు పూర్తి ఆరోగ్యవంతులు, వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతేనే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన వైపు మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇద్దరూ వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది. మన దేశంలో ఏటా పదివేలకు పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. పరీక్ష ఫలితం ఆ మనిషికే తెలియాలి. సంబంధాలు చెడగొట్టడానికి అది కాదు. పెళ్లి అయినా, కాకపోయినా ముందే తెలిస్తే గర్భం నిలిచిన తొలి నెలల్లోనే బిడ్డ సంగతి పరీక్ష చేయించుకోవచ్చు. ఖర్చు ఎంతవుతుందో, ఏ ల్యాబ్ వాళ్లు వస్తారో నేను కనుక్కుని కార్యదర్శి గారికి చెబుతాను. మొదటి శిబిరం ఖర్చు మా బ్యాచ్ భరిస్తుందని ఇందాకే మావాళ్లు మాట ఇచ్చారు.

గుండెలో ఇనుమును కొలవడం నా ఉద్యోగం. అలా కొలవాల్సిన గుండెలు తగ్గితే నాకు అంతకంటే సంతోషం లేదు.